హాస్టల్లో దింపే ముందు, దింపేశాక

ఏటా ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు వచ్చిన సాయంత్రం టీవీ చర్చల్లో ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "పిల్లలకు కౌన్సెలింగ్ ఇవ్వాలి." 2019లో తెలంగాణ ఫలితాల్లో తప్పులు బయటపడి, ఆ రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని వార్తలు వచ్చినప్పుడూ అదే మాట. సప్లిమెంటరీ పరీక్షల హడావుడి మొదలయ్యేసరికి అందరూ దాన్ని మరిచిపోతారు. జూన్లో కొత్త బ్యాచ్ పెట్టెలు సర్దుకుని హాస్టళ్లకు బయల్దేరుతుంది.

ఫలితాల నాడు చేసే కౌన్సెలింగ్ వద్దని ఎవరూ అనరు. కానీ అప్పటికే చాలా ఆలస్యం. పదో తరగతి దాకా ఇంట్లో పెరిగిన పిల్లల్ని రెసిడెన్షియల్ కాలేజీకి పంపేటప్పుడు అసలు పని చేరడానికి ముందు నాలుగు వారాల్లోనూ, చేరాక ఆరు వారాల్లోనూ ఉంటుందని నా వాదన. ఆ పది వారాల్లో చేయాల్సినవన్నీ చిన్న పనులే. అందులో సగం పిల్లలతో కాదు, తల్లిదండ్రులతో, వార్డెన్లతో, ప్రిన్సిపాల్‌తో.

పెద్దవాళ్ల లెక్కలో మారింది కాలేజీ ఒక్కటే. పిల్లలకు మాత్రం ఒక్కరోజులో పడుకునే చోటు, పక్క మంచం మీద మనిషి, తిండి, స్నానానికి నీళ్లు దొరికే వేళ, ఫోను, ఆట, స్నేహితులు అన్నీ మారిపోతాయి. కొందరికి చదివే భాష కూడా. తెలుగు మీడియంలో త్వరణం, ద్రవ్యవేగం అని చదివినవాడికి ఆక్సిలరేషన్, మొమెంటమ్ అంటే కొత్త పాఠంలా వినబడుతుంది. తెలిసిన సంగతేనని గుర్తుపట్టేలోగా లెక్చరర్ రెండు లెక్కలు దాటేస్తాడు. వాడు తనకు తెలివి లేదనుకుంటాడు. అలాంటివాడికి ధైర్యవచనాల కన్నా నూట యాభై పదాల పట్టిక ఎక్కువ ఉపయోగం. ఒక్కో సబ్జెక్టుకు యాభై పదాలు, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లిషు, రోజుకు పది చొప్పున పదిహేను రోజులు. కౌన్సెలర్ ఈ పని లెక్చరర్లతో చేయించుకోవాలి. ఇది నా పని కాదనుకుంటే సగం మంది తెలుగు మీడియం పిల్లల బాధ అర్థం కానట్టే.

మార్కుల కొలత కూడా మారిపోతుంది, ఈ సంగతి పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పరు. పదిలో నూటికి తొంభై ఐదు వచ్చిన అమ్మాయికి జేఈఈ మెయిన్ నమూనా టెస్టు పెడతారు. డెబ్బై ఐదు ప్రశ్నలు, 300 మార్కులు, ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. నీట్ నమూనా అయితే 180 ప్రశ్నలు, 720 మార్కులు. మూడొందలకు తొంభై వస్తే ఆమె దాన్ని నూటికి ముప్పైగా మార్చుకుని "ఫెయిలయ్యాను" అనుకుంటుంది. ఇంట్లోవాళ్లూ అదే లెక్క వేస్తారు. చేరిన నెలలో ఆ సంఖ్యకు ఆ అర్థం లేదు. పైగా సెక్షన్లో కూర్చున్న అరవై మందీ తమ తమ స్కూళ్లలో ఫస్టులే. ఎవరో ఒకరు అరవయ్యో ర్యాంకులో ఉండక తప్పదు. మొదటి ఆరు వారాలు ర్యాంకు పక్కన పెట్టించి, ప్రతి టెస్టు తరవాత పోయిన మార్కుల్ని మూడు కుప్పలుగా విడదీయించాలి: అసలు తెలియనివి, తెలిసీ తప్పు చేసినవి, టైము చాలక వదిలేసినవి. మొదటి కుప్పకు చదువు కావాలి, రెండోదానికి సాధన, మూడోదానికి ప్రశ్న వదిలేసి ముందుకెళ్లే అలవాటు. "నేను పనికిరాను" అన్న మాట ఏ కుప్పలోనూ పట్టదని పిల్లలకే తెలిసొస్తుంది. ఆ ఆలోచన తప్పని వాదించి గెలవడం కన్నా ఇది నయం.

ఇక చేరే ముందు నాలుగు వారాలు. ఇంటిబెంగ మీద అమెరికాలో క్రిస్టఫర్ థర్బర్ అనే మనస్తత్వవేత్త, ఎడ్వర్డ్ వాల్టన్ అనే డాక్టరు కలిసి 2007లో పిల్లల వైద్యుల కోసం సూచనలు రాశారు. వాళ్ల దృష్టిలో ఉన్నవి వేసవి శిబిరాలు, ఆస్పత్రి వార్డుల వంటివి. మనది రెండేళ్ల హాస్టలు. అయినా అందులోని నాలుగు మాటలు ఇక్కడా సరిపోతాయి. నిర్ణయంలో పిల్లలకు వాటా ఇవ్వాలి. ఇంటికి దూరంగా ఉండడం ముందే కాస్త అలవాటు చేయాలి. బెంగ రావడం మామూలేనని, వస్తే ఏం చేయాలో ముందే మాట్లాడుకోవాలి. వెనక్కి తీసుకొచ్చేస్తామని ఒప్పందాలు చేసుకోకూడదు.

గ్రూపూ కాలేజీ రెండూ ఖాయం చేసేసి "నీకు ఇష్టమేగా?" అని అడగడం వాటా ఇవ్వడం కాదు. రెండు కాలేజీలు చూపించి ఒకటి ఎంచుకోనివ్వాలి. అదీ కుదరకపోతే ఏ రోజు చేరాలో, ఏ సామాను తీసుకెళ్లాలో, ఫోను ఏ వేళకో వాళ్లకే వదలాలి. వేసవిలో మూడు రాత్రులు అమ్మమ్మ ఇంట్లోనో మేనమామ ఇంట్లోనో అమ్మానాన్నలు లేకుండా ఉంచి, ఫోను రోజుకోసారి, ఐదు నిమిషాలకు మించకుండా చూడాలి. ఈ నెలంతా తన బట్టలు తానే ఉతుక్కోవాలి, అలారానికి తానే లేవాలి. జ్వరం వస్తే ముందు ఎవరికి చెప్పాలి, ఆడపిల్లలైతే నెలసరి సామాను అయిపోతే ఎవరిని అడగాలి అన్నవి చేరిన రోజే వార్డెన్‌ను అడిగి, పేరూ గదీ తెలుసుకుని రావాలి. ఈ ఏర్పాట్లు కౌన్సెలింగ్‌లా కనిపించవు. మొదటి వారం కన్నీళ్లలో చాలా భాగం మాత్రం వీటి చుట్టూనే ఉంటుంది.

వెనక్కి తీసుకొచ్చే ఒప్పందం సంగతి కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే మన ఇళ్లలో అది ముద్దుగా జరుగుతుంది. "నచ్చకపోతే చెప్పు నాన్నా, వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తాం." ఈ మాట పిల్లలకు "నువ్వు ఉండలేవని మాకు ముందే తెలుసు" అని వినబడుతుంది. మొదటి చెడ్డ రాత్రే మనసు ఆ తలుపు దగ్గరకు పరుగెడుతుంది, అలవాటు పడే ప్రయత్నం అక్కడే ఆగిపోతుంది. తీరా ఫోన్ చేస్తే నాన్న రాడు. కట్టిన ఫీజు గుర్తొచ్చి "ఇంకో నెల చూడమ్మా" అంటాడు. ఉన్న నమ్మకం సరిగ్గా అవసరమైన రోజున పోతుంది. దీని బదులు ఒక తేదీ చెప్పాలి: "దసరా సెలవులకు వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడదాం. అప్పటికీ కుదరదంటే డేస్కాలర్‌గా చేరే దారి చూద్దాం." దసరాకు నిజంగా కూర్చోవాలి కూడా.

దీనికి మినహాయింపులు ఉన్నాయి, వాటినీ ముందే చెప్పి పంపాలి. కొట్టినా, ర్యాగింగ్ జరిగినా, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేసినా, చచ్చిపోవాలనిపించినా తేదీతో పని లేదు, ఆ రోజే బయల్దేరతాం అని. కానీ చాలా హాస్టళ్లలో ఫోను వార్డెన్ బల్ల మీద ఉంటుంది, పక్కన ఇంకో పదిమంది వరసలో నిలబడి ఉంటారు. అక్కడ పిల్లలు ఏమీ చెప్పలేరు. అందుకే ఇంట్లోనే ఒక సంకేతం అనుకోవాలి. "నాయనమ్మ మందులు వేసుకుంటోందా?" అని అడిగితే వెంటనే రమ్మని అర్థం, అని. ఆ సంకేతాన్ని మాత్రం ప్రశ్నలు లేకుండా గౌరవించాలి.

ఫోన్ కాల్ గురించి తల్లిదండ్రులకు పది నిమిషాల శిక్షణ ఇవ్వడం ఏ కౌన్సెలర్‌కైనా లాభసాటి పని. రోజూ వేళ కాని వేళ చేసే కాల్స్ కన్నా వారానికి ఒకటి రెండు నిర్ణీత కాల్స్ మేలు. ఎదురుచూడడానికి ఒక తేదీ ఉంటుంది. "తిన్నావా?" అని అడగొచ్చు, అడగాలి. "మార్కులెంత?" మొదటి ప్రశ్న కాకూడదు. "నువ్వు లేక ఇల్లు బోసిపోయింది, అమ్మ అన్నం తినట్లేదు" అసలు వద్దు. దాంతో అమ్మ బెంగ కూడా పిల్లల నెత్తిన పడుతుంది. ఏడిస్తే ఫోను పెట్టేయకూడదు, ఓదార్చే కంగారులో వాగ్దానాలు చేయకూడదు. ఐదు నిమిషాలు ఏడవనిచ్చి, "రేపు పొద్దున లేవగానే ముందు ఏం చేస్తావు?" అని అడగాలి. చివరగా వచ్చే కాల్ ఎప్పుడో చెప్పి ముగించాలి. ఫోన్ పెట్టేశాక పిల్లలు నేరుగా మంచం ఎక్కకుండా పావుగంట ఎవరితోనైనా ఉండేలా వార్డెన్ చూస్తే ఇంకా మంచిది. ఈ కారణంగానే రాత్రి పడుకునే ముందు కాల్స్ పెట్టడం సరైన పద్ధతి కాదు.

కౌన్సెలర్ దగ్గరికి వచ్చిన తొలి సెషన్‌కు నలభై నిమిషాలు చాలు. మొదటి ఐదు నిమిషాలు గోప్యత గురించి, దాని హద్దుల గురించి. ప్రాణానికి ముప్పు ఉంటే చెప్పక తప్పదు. లైంగిక వేధింపు ఉన్నా అంతే. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాలి. పిల్లలు అంతా చెప్పేశాక ఈ సంగతి బయటపెడితే మోసపోయామనుకుంటారు. మార్కుల సంగతో, సినిమాకు గోడ దూకిన సంగతో ప్రిన్సిపాల్‌కు చేరవని కూడా ఇక్కడే చెప్పాలి, ఆ మాట మీద నిలబడాలి. అడ్మిషన్లు చూసే ఉద్యోగికే కౌన్సెలర్ అని బోర్డు పెట్టిన చోట ఈ మొదటి ఐదు నిమిషాలే అబద్ధమవుతాయి.

తరవాతి పావుగంట, పోయినవాటి జాబితా. "ఇక్కడికి వచ్చాక నీకు లేకుండా పోయినవి చెప్పు" అని అడిగి కాగితం మీద పిల్లల చేతే రాయించాలి. తమ్ముడు, సొంత దిండు, సాయంత్రం క్రికెట్, క్లాసులో ఫస్టు అన్న పేరు. ఒక్కదాన్నీ తీసిపారేయకూడదు. ఇక్కడే అలవాటుగా "అందరూ ఉండట్లేదా?" అని నోరు జారతారు, ఆ మాటతో సెషన్ ముగిసిపోయినట్టే.

మిగిలిన సమయంలో ఆ జాబితాను మార్చగలిగేవి, మార్చలేనివి అని విడదీయాలి. రిచర్డ్ లాజరస్, సుసాన్ ఫోక్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1984లోనే ఒత్తిడిని ఎదుర్కోవడంలో రెండు రకాలు చెప్పారు: సమస్యను సరిచేసుకోవడం, దాని వల్ల కలిగే బాధను సంభాళించుకోవడం. మందు తెలిసీ ఎవరికి ఏది ఇవ్వాలో తప్పడమే మన దగ్గర ఎక్కువ. బాత్రూమ్ వరస వల్ల రోజూ స్టడీ అవర్‌కు లేటై తిట్లు తినే పిల్లాడికి ధ్యానం నేర్పుతారు. వాడికి కావాల్సింది పావుగంట ముందు స్నానానికి అనుమతి. తాతయ్య పోయిన నెలలో చేరిన అమ్మాయికి టైమ్‌టేబుల్ వేసిస్తారు. ఆమెకు కావాల్సింది తాతయ్య గురించి మాట్లాడనిచ్చే మనిషి. ఒక సెషన్‌కు ఒక్క అడుగు చాలు, అది కూడా వారంలో అయిపోయేంత చిన్నది. మళ్లీ వారానికి, ఆ తరవాత రెండు వారాలకు. చాలామందికి మొత్తం నాలుగు సెషన్లు సరిపోతాయి.

అడగాల్సిన ఇంకో ప్రశ్న: "రోజులో ఏ గంట బరువుగా ఉంటుంది?" బెంగ రోజంతా ఒకేలా ఉండదు. లైట్లు ఆర్పాక, ఆదివారం మధ్యాహ్నం, ఫోన్ పెట్టేశాక ఎక్కువ. ఆ గంటకే ఏర్పాటు చేయాలి. ఆదివారం రెండు నుంచి ఐదు దాకా ఉతుకుడు, తరవాత షటిల్, ఎవరితో ఆడాలో పేరుతో సహా. లైట్లు ఆర్పాక ఊపిరి సాధన: ముక్కుతో నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు మెల్లగా వదలడం, ఐదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది. మనసు మామూలుగా ఉన్న రోజుల్లో వారం పాటు సాధన చేస్తేనే అవసరానికి అందుతుంది. పరీక్ష హాల్లో మొదటిసారి ప్రయత్నించి పని చేయలేదనేవాళ్లే ఎక్కువ.

మోటివేషన్ క్లాసుల గురించి కూడా చెప్పుకోవాలి. ఐదొందల మందిని హాల్లో కూర్చోబెట్టి, లైట్లు తగ్గించి, వెనక సంగీతం పెట్టి, మైకులో ఒకాయన అమ్మ చేతుల కాయల గురించి, నాన్న అరిగిన చెప్పుల గురించి మాట్లాడతాడు. పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తారు. యాజమాన్యం వీడియో తీసి పెడుతుంది. దీన్ని కౌన్సెలింగ్ అనడం నాకు మింగుడుపడదు. ఆ పిల్లల్లో అప్పటికే వెనకబడినవాళ్లు ఉంటారు. అప్పు చేసి పంపారన్న సంగతి వాళ్లకు తెలుసు, చెప్పనక్కర్లేదు. తాను ఇంటికి భారమన్న భావన ఆత్మహత్య ఆలోచనలతో దగ్గరగా ముడిపడినది. ఆ భావననే మైకులో పెంచి పంపిస్తున్నాం. ఆ రాత్రి డార్మిటరీలో ఎవరు ఎలా ఉన్నారో చూడడానికి ఆయన ఉండడు.

దాని స్థానంలో పెట్టాల్సింది ఎనిమిది నుంచి పదిమంది చొప్పున బృందాలు, ముప్పావుగంట. వేర్వేరు సెక్షన్ల పిల్లల్ని కలపాలి, లేకపోతే ర్యాంకుల వరసే అక్కడా కూర్చుంటుంది. సెకండియర్ నుంచి ఒకరిని పిలవాలి, టాపర్‌ను కాదు. మొదటి మూడు నెలలు ఇబ్బంది పడి తేరుకున్నవాళ్లను. వాళ్లు చెప్పే "నేను ఆగస్టు దాకా రోజూ ఏడ్చాను" అన్న మాట పెద్దవాళ్లు ఎంత చెప్పినా రాని పని చేస్తుంది.

లెక్క కూడా ఇదే చెబుతుంది. తొమ్మిది వందల మంది ఉన్న హాస్టల్లో ఒకే కౌన్సెలర్, రోజుకు ఆరు సెషన్లు, నెలకు ఇరవై ఐదు పనిరోజులు అనుకుంటే నూట యాభై సెషన్లు. ఒక్కొక్కరిని ఒక్కసారి చూడడానికి ఆరు నెలలు. అదే కొత్తగా చేరిన నాలుగు వందల యాభై మందిని పదేసి మందిగా కూర్చోబెడితే నలభై ఐదు బృందాలు, రోజుకు రెండు చొప్పున ఒక నెలలోపు అయిపోతాయి. ఎవరిని విడిగా చూడాలో అక్కడే తేలుతుంది.

ఇది దయాదాక్షిణ్యాల విషయం కూడా కాదిప్పుడు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. నూరు మంది గానీ అంతకు మించి గానీ పిల్లలున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. పరీక్షలప్పుడూ, చదువులో దశ మారేటప్పుడూ చిన్న బృందాలకు ప్రత్యేకంగా మెంటార్లను ఇవ్వాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఉండాలి. వీలైనంత వరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, నలుగురిలో అవమానించకూడదు. అడ్మిషన్ రోజున తల్లిదండ్రులు మెస్ చూసొచ్చినట్టే కౌన్సెలర్ గది చూసి, ఆ మనిషి చదువేమిటో అడగాలి.

బ్యాచ్‌ల మాట వచ్చింది కాబట్టి రీషఫ్లింగ్ గురించి ఒక ముక్క. మార్కుల ప్రకారం నెలకోసారి సెక్షన్లు మార్చే కాలేజీల్లో పిల్లలకు మార్పు జూన్‌తో అయిపోదు. అప్పుడే దొరికిన స్నేహితుడు పై సెక్షన్‌కో కింది సెక్షన్‌కో పోతాడు, మళ్లీ మొదటికి. నిద్ర సంగతీ అంతే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ చెబుతుంది. ఆ వయసులో ఒంటి గడియారం ఆలస్యంగా నిద్ర వచ్చేలా జరుగుతుంది కూడా. రాత్రి పదకొండుకు లైట్లు ఆర్పి ఐదుకు గంట కొడితే ఆరు గంటలే. నిద్ర చాలని పిల్లలకు కోపం, ఏడుపు, మరుపు అన్నీ ఎక్కువే. ఈ విషయంలో పిల్లలకు సర్దుకోవడం నేర్పడం అన్యాయం. కౌన్సెలర్ వెళ్లి ప్రిన్సిపాల్‌తో పోట్లాడాలి.

మామూలు బెంగకూ ప్రమాదానికీ తేడా తెలియాలి. బెంగ ఉన్నవాళ్లు మధ్యమధ్యలో నవ్వుతారు, స్నేహితుడు లాక్కెళ్తే తింటారు, వారాలు గడిచేకొద్దీ తేలికపడతారు. రెండు వారాల పాటు దాదాపు రోజంతా దిగులుగానో చిరాగ్గానో ఉండి, ఇష్టమైనవి కూడా వదిలేసి, తిండీ నిద్రా చెడితే అది డిప్రెషన్ కావొచ్చు. మగపిల్లల్లో అది తరచు కోపంలా కనబడి "పొగరు" అన్న పేరు తెచ్చుకుంటుంది. వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకే హాయి" అనడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతులు వేసుకోవడం కనిపిస్తే అడిగేయాలి, సూటిగా: "చచ్చిపోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు, పరిశోధనలు ఈ విషయం తేల్చాయి. అవునంటే ఒంటరిగా వదలకూడదు. హాని చేసుకోవడానికి పనికొచ్చేవి దూరంగా పెట్టాలి. ఇంటికి తీసుకొస్తే పురుగుమందులు ఇంట్లోంచే తీసేయాలి. ఆ రోజే సైకియాట్రిస్టుకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఇలాంటప్పుడు మన ఇళ్లలో ముందు చేసేది ఒట్టు వేయించుకోవడం. "నా మీద ఒట్టు, అలా చేయనని చెప్పు." ఒట్టు ఆలోచనను ఆపదు, బయటకు చెప్పే నోటిని ఆపుతుంది. దానికన్నా కాగితం మీద రాసుకున్న పథకం మేలు: ఆ ఆలోచన రాబోతోందని తెలిపే గుర్తులు, అప్పుడు తనంతట తాను చేయగలిగినవి, వెళ్లి కూర్చోగలిగే మనుషులు లేదా చోట్లు, ఫోన్ చేసి చెప్పగలిగినవాళ్లు, డాక్టరు, హెల్ప్‌లైన్ నంబర్లు, దూరంగా పెట్టాల్సిన వస్తువులు. పిల్లల సొంత మాటల్లో, ఒక్క పేజీలో. పోలీసు కేసు భయంతో దాచిపెట్టే కుటుంబాలు తెలుసుకోవాల్సింది: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, విచారించి శిక్షించకూడదు.

కొందరిని వెనక్కి తీసుకురావాల్సి వస్తుంది. అది కూడా ఒక మార్పే, దానికీ ఏర్పాటు కావాలి. మొదటి వారం పది రోజులు చదువు ఊసెత్తకుండా నిద్ర, తిండి, ఎండలో కాసేపు నడక. తరవాత డేస్కాలర్‌గా ఎక్కడ చేరాలో పిల్లల్నే ముందు మాట్లాడనివ్వాలి. పాత రూమ్మేట్లలో ఒకరిద్దరితో ఫోన్ స్నేహం నిలబెట్టాలి. చుట్టాలు అడిగే ప్రశ్నకు ఇంట్లో అందరూ ఒకే జవాబు అనుకోవాలి, దాన్ని పిల్లల చేతే ఎంపిక చేయించాలి: "ఇంటి నుంచి చదువుకుంటానంది, సరేనన్నాం." అంతకు మించి ఎవరైనా తవ్వితే, పిల్లల ఎదుట ఆ మాటను అక్కడే తుంచేసే పని అమ్మదో నాన్నదో, ముందే అనుకుని ఉండాలి.